పుట్టువెంట్రుకల పంచాయితీ

నా కూతురు మొక్కు వల్ల బతికిందని కోదాడలో చెప్పుకుంటున్నారు. చెప్పేది మా అత్తగారు. వినేవాళ్లు చేతులు జోడించి మరీ వింటున్నారు. మొన్నామధ్య ఒక ఫంక్షన్ హాల్లో నేను అన్నం తింటుండగా నా వెనక వరుసలోనే ఈ కథ నడిచింది. నాకు ఎడమ చెవి సరిగా వినబడదు కానీ కుడి చెవి బాగానే పనిచేస్తుంది. మొత్తం విన్నాను. ఆ కథలో నేను దేవుణ్ణి తిట్టే పొట్టి అల్లుణ్ణి. దేవుడు పెద్దమనసు చేసుకుని, నా తప్పు నాకే వదిలేసి, పిల్లను మాత్రం కాపాడాడట. జరిగింది అది కాదు. ఏం జరిగిందో ఇక్కడ రాస్తున్నాను. ఎవరికి కోపం వచ్చినా రానివ్వండి.

ముందు నా సంగతి. నాకున్నది అకాండ్రోప్లేసియా. చేతుల్లో, కాళ్లలో ఉండే పొడుగు ఎముకలు పెరగాల్సినంత పెరగవు. తల పెద్దది, నుదురు ముందుకు వస్తుంది. మా అమ్మా నాన్నా ఇద్దరూ పొడుగువాళ్లే. చాలామంది విషయంలో ఇంతే. మామూలు ఎత్తున్న తల్లిదండ్రులకే, ఒక జన్యువులో కొత్తగా వచ్చిన చిన్న మార్పుతో ఇలాంటి బిడ్డ పుడుతుంది. ఈ ముక్క ఆ రోజుల్లో సూర్యాపేటలో మా గల్లీకి తెలియదు. గ్రహణం అన్నారు, శాపం అన్నారు, కడుపుతో ఉన్నప్పుడు మా అమ్మ ఏదో దాటిందన్నారు. అన్నీ ఆమె నెత్తినే పెట్టారు. పెట్టినవాళ్లలో చదువుకున్నవాళ్లే ఎక్కువ.

మా నాయనమ్మ నన్ను తలుపు మీద కట్టిన వెదురు బొంగుకు వేలాడదీసేది. "జర గట్టిగ పట్టుకో బిడ్డా, సాగుతవ్" అనేది. నేను సాగలేదు, భుజాలు నొప్పి పెట్టాయి. చెవుల్లో ఎప్పుడూ చీము. వెల్లుల్లి కాచిన నూనె పోసేది. నా ముఖం ఎముకల తీరు వల్ల ముక్కు వెనక నుంచి చెవికి పోయే దారి ఇరుకని, అందుకే చీము మళ్లీ మళ్లీ వస్తుందని ఎవరూ చెప్పలేదు. వినబడక పలకకపోతే బళ్లో సారు పొగరనుకుని కొట్టేవాడు. కాళ్లు విల్లులా బయటికి వంగాయి. మిర్యాలగూడలో ఒకాయన గాజు అలమారా ముందు కూర్చుని ఎత్తు పెంచే పొడి అమ్మేవాడు. మా నాన్న కొన్నాడు. నేను పాలల్లో కలుపుకుని తాగాను. లావయ్యాను.

ఇప్పుడు త్రిపురారం వైపు ఒక సర్కారు బడిలో పాఠాలు చెబుతాను. నా రాత బోర్డు కింది సగంలోనే ఉంటుంది. పై సగం ఎప్పుడూ నల్లగా, శుభ్రంగా ఉంటుంది. పిల్లలు వెనకాల "గిడ్డ సారు" అంటారు. దానికి నాకేం లేదు. పెద్దవాళ్ల జాలికే నాకు ఒళ్లు మండుతుంది. నలభై దగ్గర పడేసరికి నడుము నొప్పి మొదలైంది. నిలబడితే తొడల దగ్గర నుంచి కాళ్లు మొద్దుబారతాయి. కూర్చుని ముందుకు వంగితే మళ్లీ నావి అవుతాయి. వెన్నెముక లోపల నరాలు పోయే దారి మాకు పుట్టుకతోనే ఇరుకు, వయసుతో ఇంకా ఇరుకవుతుంది. బస్సు దిగి బడికి పోయే తోవలో కాలువ గట్టు మీద కూర్చుంటాను. "పాపం, పొట్టి కాళ్లు కద, అలిసిండు" అంటూ పోతారు. అలిసింది కాళ్లు కాదు, నలిగింది నరాలు. ఎవరికి చెప్పాలి?

నా భార్యది కోదాడ. ఆమెది మామూలు ఎత్తు. సూర్యాపేటలో చదువుకుంటూ, మా హేతువాద మిత్రులం పెట్టే ఆదివారం సభలకు వచ్చేది. నేను కుర్చీ ఎక్కి నిలబడి జాతకాల మీద, బాబాల మీద విరుచుకుపడుతుంటే ముందు వరుసలో కూర్చుని ఎదురు ప్రశ్నలు వేసేది. పెళ్లికి ఆమె నన్ను చూసి ఒప్పుకుంది. మా అత్తగారు నా సర్కారు నౌకరీని చూసి ఒప్పుకుంది. ఈ తేడా ఆ ఇంట్లో ఎవరూ దాచలేదు.

మొదటి కాన్పు పుట్టింట్లో కావాలని ఆమెను కోదాడ తీసుకుపోయారు. ఇద్దరిలో ఒకరికి ఇది ఉంటే పుట్టే బిడ్డకు రావచ్చు, రాకపోవచ్చు, రెండూ సమానమే. మాకు ముందే తెలుసు. ఆడపిల్ల పుట్టింది. చూడగానే తెలిసిపోయింది. నా నుదురు, నా చేతులు. నా భార్య బిడ్డను గుండెకు ఆనించుకుని, "మీ లాగే ఉంది, అరుపు కూడా" అంది. మా అత్తగారు మాత్రం గోడ వైపు చూసి చెంగుతో ముక్కు తుడుచుకుంది.

నీళ్లు పోసే దగ్గర మొదటి గొడవ. మా అత్తగారు పీట మీద కూర్చుని కాళ్లు చాపి, బిడ్డను పిక్కల మీద పడుకోబెట్టుకునేది. వాడలో ఎవరికి పిల్ల పుట్టినా ఆమెనే పిలుస్తారు. ఆ చేతులకు పేరుంది. ఆముదం రాసి కాళ్లూ చేతులూ ఎదురెదురుగా మడిచి లాగేది. మా పిల్ల విషయంలో ఇంకా గట్టిగా లాగింది, పొడుగవుతాయని. నుదురు అరచేత్తో నొక్కింది, లోపలికి పోతుందని. చివరకు దవడ కింద రెండు చేతులూ వేసి, మెడ సాగాలని, బిడ్డను గాలిలోకి లేపబోయింది.

"అత్తమ్మా, మెడ పట్టి లేపకున్రి!" అని నేను అరిచాను.

"ఏందయ్యా ఆ కేకలు? నీళ్లు పోయడం కూడా నీ దగ్గర నేర్చుకోవాలా? దీని అమ్మకి పోసింది నేనే. మెడ ఊడిందా దానికి?"

"దాని తల వేరు, దీని తల వేరు. ఈ పిల్లలకు తల బరువెక్కువ, మెడలో బలముండది. మెడ మొదట్ల లోపల దారి ఇరుకుంటది. లాగితే నరం నలుగుతది."

"అన్నీ ఇరుకేనా మీకు? ఒక్క నోరే విశాలమా?"

ప్రహరీ అవతల నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. మర్నాడు నేనే కాళ్లు చాపి కూర్చున్నాను. కూర్చుంటే నా కాళ్లు నా మాట వింటాయి. నా కాళ్ల మీద పిల్ల సరిగ్గా సరిపోయింది. తల కింద మడిచిన తువ్వాలు పెట్టి, నీళ్లు చేత్తో పోశాను. నా భార్య చెంబు అందించింది. మా అత్తగారు వాకిట్లో నిలబడి వీధికి వినబడేలా అంది: "మగోడు నీళ్లు పోయడం ఎక్కడన్నా విన్నామా? ఇది పురిటిల్లా, బండ్లు కడిగే షెడ్డా?"

చీర ఉయ్యాల కూడా విప్పించాను. దాంట్లో వీపు గుండ్రంగా వంగుతుంది, గడ్డం ఛాతీకి తగులుతుంది. ఈ పిల్లలకు రెండూ చేటే. దిండ్లు పెట్టి తొందరగా కూర్చోబెట్టినా నడుములో గూని వస్తుంది. నేనొక్కో వస్తువు తీసేస్తుంటే ఆ ఇంట్లో నన్ను జప్తుకు వచ్చిన బిళ్ల బంట్రోతును చూసినట్టు చూశారు.

ఒక మధ్యాహ్నం నేను సెలవు పెట్టి కోదాడలో ఉన్నాను. పిల్ల పడుకుని ఉంది. నా భార్య పిలిచింది.

"ఇటు రండి. ఊపిరి తీయట్లేదు. చూడండి... ఇదిగో, మళ్లీ తీసింది."

నేను పక్కన కూర్చుని చూశాను. పొట్ట ఆడడం ఆగిపోయింది. పెదవుల చుట్టూ రంగు మారింది. నా భార్య అరికాలు గీరితే, నీళ్లలోంచి పైకి వచ్చినట్టు ఒక్కసారి గాలి పీల్చింది. మళ్లీ మామూలుగా నిద్రపోయింది. మళ్లీ ఆగింది.

అక్కడి పిల్లల డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. ఆయన బిడ్డను చూడక ముందే నన్ను చూశాడు. నన్ను చూశాక ఇక బిడ్డను చూడాల్సిన పని లేదనుకున్నాడు. "మీకు తెలియందేముంది సార్, ఈ పిల్లలు ఇంతే ఉంటారు. మెల్లగా సర్దుకుంటుంది" అని కాల్షియం టానిక్ రాశాడు. నా జీవితమంతా ఇదే. చెవి నొప్పంటే పొట్టి కదా అంటారు. గురకంటే పొట్టి కదా అంటారు. కాళ్లు మొద్దుబారాయంటే పొట్టి కదా అంటారు. ఎత్తు కనబడగానే రోగం వెతకడం మానేస్తారు. నేను ఆ టానిక్ చీటీని ఆయన బల్ల మీదే వదిలేసి వచ్చాను.

హైదరాబాద్‌లో పెద్ద దవాఖానలో స్కాన్ తీశారు. మెదడుకు ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ ఫిల్మును వెలుగుకు పెట్టి చూపించింది. పుర్రె అడుగున వెన్నుపాము కిందికి దిగే రంధ్రం ఉంటుంది. మా పిల్లకు అది మరీ చిన్నది. చుట్టూ నీరుండాల్సిన చోట ఎముకే ఆనుకుని ఉంది. ఊపిరిని నడిపించే నరాలు సరిగ్గా అక్కడే ఉంటాయి.

"కొంచెం ఎముక తీసి దారి వెడల్పు చేయాలి. ఆలస్యం చేయకండి. నిద్రలో ఊపిరి ఆగి, మళ్లీ మొదలు కాకపోవచ్చు. అప్పటిదాకా మెడ ముందుకు వంచొద్దు, వెనక్కి విరచొద్దు," అంది. తర్వాత నా నడక చూసి, "మీ నడుముకూ స్కాన్ తీయించుకోండి, తర్వాత" అంది. నా ఎత్తును దాటి నన్ను చూసిన మొదటి డాక్టరు ఆమే.

వచ్చే వారం చేరమన్నారు. బట్టలు, కాగితాలు సర్దుకోవడానికి కోదాడ వచ్చాం. మా అత్తగారు అంతా విని, ఒక్కటే అడిగింది.

"జుట్టు తీస్తారా?"

"మెడ వెనక తీస్తరు. తీయకుండ ఎట్ల కోస్తరు?"

"అయితే కుదరదు. పుట్టువెంట్రుకలు దేవుడికి ఇవ్వకముందు ఇనుము తగలకూడదు. తగిల్తే ఎంగిలి అవుద్ది."

వాళ్ల ఇలవేల్పు కృష్ణ ఒడ్డున ఉన్నాడు. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డా తొలి జుట్టు అక్కడే ఇవ్వాలి. మా బామ్మర్ది పంతులుకు ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు. మూఢం నడుస్తోందని పంతులు చెప్పాడు. అంటే శుక్రుడు సూర్యుడికి దగ్గరగా పోయి మనకు కనబడని రోజులు. అవి పోయేదాకా పుట్టువెంట్రుకలు తీయకూడదట. అంటే శుక్రుడు బయటికి వచ్చేదాకా మా పిల్ల ఊపిరి ఆగుతూ ఉండాలి.

"పంతులుగారూ, మూఢంల కాన్పులైతున్నయా, ఆగుతున్నయా?" అని అడిగాను.

"అది ప్రకృతి నాయనా."

"ఊపిరి గూడ ప్రకృతే. ఆగిపోతున్నది."

పంతులు లైన్ సరిగా లేదన్నాడు. మా బామ్మర్ది మధ్యే మార్గం వెతికాడు. "బావా, మూఢమైనా ఏదో శాంతి చేయిద్దాం. రేపు పొద్దున్నే కారు మాట్లాడి గుడికి పోయి గుండు కొట్టించుకుని అట్నుంచి అటే దవాఖానకు పోదాం. ఒక్క గంట పని."

"మంగలి ఏం జేస్తడు? తల ముందుకు వంచి పట్టుకుంటడు. పిల్ల గింజుకుంటది. వద్దన్నది సరిగ్గ అదే గదరా!"

అప్పుడు మా అత్తగారు లేచి నిలబడింది.  "నా పెద్దాడికి నెత్తి మీద గడ్డలు లేచాయని ఇంట్లోనే గొరిగించా. మొక్కు తర్వాత చూద్దాంలే అనుకున్నా. ఏడాది తిరక్కముందే పోయాడు. నీకేం తెలుసయ్యా? మైకు ముందు మాట్లాడటం కాదు."

అప్పటికి నా భార్య ఇంకా పుట్టలేదు. కానీ ఈ సంగతి వింటూనే పెరిగింది. ఆమె ముఖంలో నెత్తురు లేదు. మా పిల్ల ప్రాణం ఇక ఈ ఒక్క ముఖం మీదే ఆధారపడి ఉందని నాకు అర్థమైంది. ఆపరేషన్‌కు సంతకం నేనొక్కణ్ణయినా పెట్టగలను. తల్లి ఒళ్లోంచి బిడ్డను లాక్కుని పోలేను.

అయినా నేను అన్నాను: "గడ్డల వల్ల పోయిండు అత్తమ్మా. గొరిగినందుకు గాదు. అప్పుడు గూడ దవాఖానకు పోవల్సింది, పోలే."

 ఆ మాట ఎందుకన్నావని తర్వాత చాలామంది తిట్టారు. అది అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే. కానీ ఆ నిజంతో ఆ గదిలో ఒక్కరు కూడా కదల్లేదు. మా అత్తగారు దేవుడి గూటి ముందు కూలబడింది. మా బామ్మర్ది నన్ను కొట్టడానికి వచ్చినట్టే వచ్చి ఆగాడు, వంగి కొట్టాల్సి వస్తుందని కాబోలు.

నా భార్య అడిగింది: "అయిందా? గెలిచారా? ఇప్పుడు చెప్పండి, దీని మెడ ఎవరు చూస్తారు?"

 ఆమె తమ్ముడి వైపు తిరిగింది.

"కత్తెర తేరా. మేనమామవి, మూడు కత్తెర్లు నువ్వే వెయ్యి. ముందు వైపు వెంట్రుకలు. ఇక్కడే, నా ఒళ్లోనే. తల వంచే పని లేదు."

గుడుల్లో పెద్దవయసు ఆడవాళ్లు గుండు చేయించుకోకుండా మూడు చోట్ల కొంచెం జుట్టు కత్తిరించి ఇస్తారు. మూడు కత్తెర్లంటే అదే. మా అత్తగారు గూటి ముందు నుంచే తల తిప్పింది.

"మూడు కత్తెర్లు ఆడోళ్లకే. పసిదానికి ఎక్కడన్నా ఉందా?"

"ఇది ఆడది కాదా?"

 మా అత్తగారు ఫోన్ వైపు చూసింది. నా భార్య ఆ ఫోన్ తీసి బోర్లా పెట్టింది. "పంతుల్ని అడగక్కర్లేదు. నువ్వు చెప్పమ్మా. ఇది చాలంటావా, చాలదంటావా? చాలదంటే చాలదని నా బిడ్డ ముఖం చూసి చెప్పు."

మా అత్తగారు పిల్ల ముఖం చూసింది. లేచి లోపలికి వెళ్లి, ముడుపు కట్టడానికి పసుపు నీళ్లలో ముంచిన గుడ్డ ముక్క తెచ్చి కూతురు పక్కన పెట్టింది. నోటితో మాత్రం ఒప్పుకోలేదు.

ఆ గుడ్డ చూడగానే నా నాలుక దురద పెట్టింది. దేవుడికి వెంట్రుకలెందుకని, శుక్రుడికి కత్తెర కనబడదా అని, చాలా ఉన్నాయి నోటి దాకా. నా భార్య నన్ను ఒక్క చూపు చూసి, "మీరు మెడ పట్టుకోండి" అంది. నేను కూర్చుని, పిల్ల తల వెనక రెండు అరచేతులూ వేశాను. ఆ మెడ నా వేళ్ల మధ్య వెచ్చగా, ఏ బలమూ లేకుండా ఉంది. మా బామ్మర్ది కత్తెర తెచ్చాడు. "కదలనియ్యకు బావా" అన్నాడు. కత్తెర మూడుసార్లు చప్పుడు చేసింది.  పిల్ల హాయిగా ఆవులించింది.

ఈ సంగతి తెలిసి సూర్యాపేటలో మా సభ మిత్రులు నన్ను సంజాయిషీ అడిగారు. మూఢనమ్మకానికి లొంగిపోయావన్నారు. ఒకాయన అంతకన్నా ముందుకు పోయి, ఆపరేషన్ అయ్యాక బిడ్డను మిర్యాలగూడ సభకు తీసుకురా, వేదిక మీద చూపిద్దాం, జనానికి బాగా ఎక్కుతుంది అన్నాడు. ఫంక్షన్ హాళ్ల వాళ్లు పెళ్లికొచ్చినవాళ్లకు తమాషాగా ఉంటుందని నన్ను కోటు వేసుకుని గేటు దగ్గర నిలబడమని అడిగిన రోజులు గుర్తొచ్చాయి. ఆయనకూ వాళ్లకిచ్చిన జవాబే ఇచ్చాను. అది అచ్చు వేసే జవాబు కాదు. వాళ్లలో ఎవరి అరచేతుల్లోనూ ఆ మెడ లేదు.

అనుకున్న రోజుకే దవాఖానలో చేరాం. నర్సమ్మ మెడ వెనక జుట్టు మిషన్‌తో తీసి, దూదితో పాటు చెత్త డబ్బాలో వేసింది. ఆ డబ్బా వైపు నా భార్య చూసింది, నేను చూశాను.  ఆపరేషన్ గది బయట నిలబడలేక నేను నేల మీదే కూర్చున్నాను. మా అత్తగారు కొంచెం దూరంలో కుర్చీలో కూర్చుని పెదవులు కదుపుతూనే ఉంది. మధ్యలో ఒకసారి ఇడ్లీ పొట్లం నా వైపు జరిపింది. నేను తిన్నాను.  డాక్టరమ్మ బయటికి వచ్చి దారి వెడల్పయిందని చెప్పింది. ఆ తర్వాత నిద్రలో ఊపిరి ఆగడం తగ్గుతూ వచ్చి, పోయింది.

ఆ దారి వెడల్పు చేసింది డాక్టరమ్మ చేతులు. ఎముకను ఎక్కడ, ఎంత తీయాలో తెలిసిన చేతులు. మూడు కత్తెర్లు చేసిందల్లా మా ఇంట్లో తలుపు తెరవడం. అది కూడా నా భార్య చేసింది. ఇందులో దేవుడి వాటా ఎంతో చూపించమని మా అత్తగారిని ఇప్పటికీ అడుగుతున్నాను.

పిల్ల ఇప్పుడు బడికి పోతోంది. చెవుల్లో సన్నని గొట్టాలు వేయించాం, పాఠం వినబడుతోంది. కాళ్లు వంగుతున్నాయి, ఏటా చూపిస్తున్నాం. బరువు పెరగనివ్వకండన్నారు, అందుకని అమ్మమ్మ మిఠాయి డబ్బాతో నాకు మళ్లీ యుద్ధమే. నా నడుముకు కోత తప్పదన్నారు. వేసవి సెలవుల్లో చేయించుకుంటాను. అది నా గొడవ.

మొదట చెప్పిన ఆ ఫంక్షన్ హాల్లో కథ చివరి దాకా వచ్చింది. మా అత్తగారు నా కూతురిని దగ్గరికి లాక్కుని, చుట్టూ ఉన్న ఆడవాళ్లకు చూపిస్తూ, "ఇదేనమ్మా, మొక్కు మీద బతికిన బిడ్డ" అంది. నేను అటు తిరిగి కుర్చీలోంచి లేవబోయాను. నడుము నిటారు చేయగానే కాళ్లు మొద్దుబారి మళ్లీ కూలబడ్డాను. ఈలోగా నా కూతురు వెనక్కి తిరిగి, రెండు జడలూ చేత్తో పైకెత్తి పట్టుకుంది. మెడ మీద తెల్లటి గీత అందరికీ కనబడింది.

"గీడ కోసిన్రు. ఎముక తీసిన్రు. అమ్మమ్మ ఇది చెప్పలే," అంది.

ఒకావిడ ముందుకు వంగి చూసి, "అయ్యో, ఎంత పెద్ద కోతో!" అంది. మా అత్తగారు గబగబా జడలు కిందికి లాగి గీతను కప్పేసింది.

"జడలు దించు, దిష్టి తగులుద్ది."

నా కూతురు మళ్లీ ఎత్తింది.